ఏడవ మునక వరకు

విశ్వాసికి వైద్యుని మాట శత్రువు కాదు: బొగ్గుగనుల నేల మీద నుంచి ఒక ఆలోచన

స్వస్థత కోరని మనిషి లేడు. స్వస్థతకు దారి చూపిన మాటను చివరిదాకా పాటించే మనిషి మాత్రం అరుదు. ఈ రెండింటి మధ్యనున్న దూరాన్ని పరిశుద్ధ గ్రంథం ఏనాడో ఒక సేనాధిపతి కథలో చూపింది. రాజుల రెండవ గ్రంథం అయిదవ అధ్యాయంలో కనిపించే నయమాను సిరియా రాజుకు కుడిభుజం వంటివాడు, మహాపరాక్రమశాలి. అయితే కుష్ఠరోగి. తన ఇంట ఊడిగం చేస్తున్న ఇశ్రాయేలు బాలిక చెప్పిన మాట పట్టుకొని, వెండి బంగారాలు వెంటబెట్టుకొని, ప్రవక్త ఎలీషా గుమ్మం ముందు రథాలతో నిలిచాడు. ఎలీషా బయటకు రాలేదు. యొర్దాను నదిలో ఏడు మార్లు మునగమని ఒక మనిషి చేత కబురు మాత్రం పంపాడు.

నయమానుకు కోపం వచ్చింది. ప్రవక్త స్వయంగా వచ్చి, దేవుని పేరెత్తి, రోగమున్న చోట చేయి ఆడిస్తాడని అతడు అనుకున్నాడు. మా దేశపు నదులు ఈ నదికంటే తక్కువా అని వెనుదిరిగాడు. అప్పుడు అతని సేవకులు మెల్లగా దగ్గరికి చేరారు. ప్రవక్త ఏదైనా కష్టమైన పని చెప్పి ఉంటే తమరు చేసేవారు కదా, ఇంత తేలికైన పని చెప్పినప్పుడు ఎందుకు చేయరాదని అడిగారు. అతడు దిగాడు. ఏడు మునకలు వేశాడు. బాగుపడ్డాడు.

మూడవ మునకకు కొంత తగ్గిందనిగానీ, ఆరవ మునకకు మచ్చలు పలచబడ్డాయనిగానీ గ్రంథం చెప్పదు. ఆరు మార్లు మునిగి, ఏమీ కాలేదని ఒడ్డుకు వచ్చి ఉంటే కథ ఎలా ముగిసేదో ఊహించడం కష్టం కాదు. నేడు మన ఇళ్లలో, మన సంఘాలలో ఎందరో ఆ ఆరవ మునక దగ్గరే ఆగిపోతున్నారు.

నల్లని నేల, నలిగిన ఊపిరి

మంచిర్యాల జిల్లాలోని బెల్లంపల్లి బొగ్గుతో పుట్టిన పట్టణం. 1889లో ఇల్లెందు ప్రాంతంలో తవ్వకం మొదలుపెట్టిన సింగరేణి, 1920ల చివర గోదావరికి ఉత్తరాన ఈ నేలపై అడుగుపెట్టింది. ఊళ్లు విడిచి వచ్చినవారు బాయి పని నేర్చుకున్నారు. మూడు షిఫ్టుల జీవితానికి అలవాటు పడ్డారు. వారి వెంట గుడులు, మసీదులు, చర్చీలు వెలిశాయి. వారి కోసం బెల్లంపల్లి, రామకృష్ణాపూర్, గోదావరిఖని వంటి చోట్ల సంస్థ ఏరియా ఆసుపత్రులు, కొత్తగూడెంలో ప్రధాన ఆసుపత్రి ఏర్పడ్డాయి. 1999లో కతోలిక సంఘం ఆదిలాబాద్ మేత్రాసనాన్ని నెలకొల్పినప్పుడు, దానికి కేంద్రమైనది కూడా ఈ బొగ్గుబెల్టులోని మంచిర్యాలే. స్వస్థత ప్రార్థనల కోసం దూరప్రాంతాల నుంచి జనం తరలివచ్చే పట్టణాలలో బెల్లంపల్లి ఒకటి.

అందువల్ల ఇక్కడి క్రైస్తవ కుటుంబాలలో రెండు పిలుపులు నిత్యం వినిపిస్తాయి. ఒకటి దవాఖాన పిలుపు, రెండవది ప్రార్థన పిలుపు. రాతిదుమ్ము పీల్చిన ఊపిరితిత్తులకు సిలికోసిస్ ముప్పు ఉంది. సిలికా దుమ్ము సోకినవారికి క్షయ వచ్చే ప్రమాదం ఇతరులకంటే ఎక్కువని వైద్యశాస్త్రం ఎన్నడో తేల్చింది. రాత్రి షిఫ్టులు నిద్రను, భోజన వేళలను తారుమారు చేస్తాయి. బీపీ, షుగర్ ఇంటింటి చుట్టాలయ్యాయి. మందు ఉంది, చాలామందికి అది అందుబాటులోనూ ఉంది. అయినా డబ్బాలో గోలీలు మిగిలిపోతున్నాయి. ఎందుకు?

తెలియక కాదు, తోచక

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003లో వెలువరించిన ఒక నివేదిక ప్రకారం, సంపన్న దేశాలలో సైతం దీర్ఘకాలిక వ్యాధులున్నవారిలో సగం మంది మాత్రమే వైద్యుని సలహాను సరిగా పాటిస్తున్నారు. పేద దేశాలలో పరిస్థితి ఇంతకంటే తక్కువ. కాబట్టి మందు మానడం చదువురానివారి లోపమనో, భక్తుల మూఢత్వమనో అనడం న్యాయం కాదు. అది మనుష్య స్వభావంలోనే ఉన్న బలహీనత.

ఆ స్వభావాన్ని పరిశీలించే శాస్త్రమే ఆరోగ్య మనోవిజ్ఞానం. దాని తొలి పాఠాలలో ఒకటి క్షయ దగ్గరే మొదలైంది. 1950లలో అమెరికాలో ఉచితంగా ఛాతీ ఎక్స్‌రే తీస్తామన్నా జనం ఎందుకు రావడం లేదో గాడ్‌ఫ్రే హోక్‌బామ్ అనే మనోవిజ్ఞాని విచారించాడు. జబ్బు నాకూ రావచ్చునని నమ్మినవారు, ముందుగా కనిపెడితే మేలని నమ్మినవారు వచ్చారు. ఆ రెండు నమ్మకాలూ లేనివారిలో చాలామంది రాలేదు. అంటే మనిషి కేవలం సమాచారాన్ని బట్టి నడుచుకోడు, నమ్మకాన్ని బట్టి నడుచుకుంటాడు. విశ్వాసం గురించి నిత్యం మాట్లాడే సంఘానికి ఈ మాట కొత్త కాకూడదు.

మరొక పాఠం బీపీ గురించినది. 1985లో హోవర్డ్ లెవెంథాల్, ఆయన సహచరులు రక్తపోటు రోగులతో మాట్లాడి ఒక సంగతి కనుగొన్నారు. రక్తపోటు పెరిగితే తమకు తెలుస్తుందని, తల బరువెక్కడమో, ముఖం వేడెక్కడమో జరుగుతుందని వారిలో అధికులు నమ్ముతున్నారు. ఆ గుర్తులు కనబడినప్పుడు గోలీ వేసుకుంటారు, లేనప్పుడు మానేస్తారు. వాస్తవానికి రక్తపోటు చాలామందిలో ఏ గుర్తూ చూపదు.

గనిలో దిగేవారికి దీనిని వివరించడం తేలిక. మీథేన్ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. కంటికి ఏమీ కనబడడం లేదు కదా అని ఏ కార్మికుడూ దీపం వెలిగించడు. సర్దారు పరీక్షించి, గ్యాసు లేదని చెప్పాకనే ముందుకు అడుగు వేస్తాడు. పైకప్పును కర్రతో తట్టి, ఆ చప్పుడును బట్టి రాయి వదులైందా గట్టిగా ఉందా అని చెప్పేవాని మాటను ప్రాణంలా చూసుకుంటాడు. సర్దారు మాటను నమ్మడం దేవునిపై అపనమ్మకమని గనిలో ఎవరూ అనరు. బీపీ యంత్రం చూసి, రక్తపరీక్ష చూసి చెప్పే వైద్యుని మాట కూడా అటువంటిదే. శరీరం లోపలి గనిలో కనబడని వాయువును అతడు పరీక్షిస్తున్నాడు.

క్షయలో మోసం మరొక విధమైనది. మందు మొదలైన కొద్ది వారాలకే దగ్గు తగ్గుతుంది, ఆకలి పుడుతుంది, ముఖానికి కళ వస్తుంది. వేగంగా పెరిగే క్రిములు నశించాయి, నిద్రాణంగా దాగినవి ఇంకా మిగిలి ఉన్నాయి. సాధారణ క్షయకు చికిత్స ఆరు నెలలు సాగవలసింది అందుకే. రెండవ నెలలో బాగుపడ్డానని మానేసినవానిలో మిగిలిన క్రిములు మళ్లీ లేస్తాయి, కొన్ని సందర్భాలలో మందుకు లొంగని మొండి రూపం దాలుస్తాయి. అప్పుడు రోగి కష్టం ఒక్కనితో ఆగదు. ఒకే గదిలో పడుకునే బిడ్డలకు, ప్రార్థన కూటంలో పక్కన కూర్చున్నవారికి ఆ మొండి క్రిమే సోకుతుంది.

ఆరోగ్యవరం, డిచ్‌పల్లి నేర్పిన పాఠం

మందు వద్దు, ప్రార్థన చాలు అన్న ధోరణి తెలుగు క్రైస్తవుల పూర్వచరిత్రకు సరిపడదు. మదనపల్లె సమీపాన ఆరోగ్యవరంలో పలు మిషన్లు ఏకమై 1912లో క్షయరోగుల కోసం శానిటోరియాన్ని స్థాపించాయి. డెన్మార్క్ దేశం నుంచి వచ్చిన వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమొడ్ మొల్లర్ దానికి తొలి సూపరింటెండెంటు. స్ట్రెప్టోమైసిన్ కనుగొన్నది 1943లో. అంతకుముందు మూడు దశాబ్దాలపాటు అక్కడ ప్రధాన ఔషధాలు విశ్రాంతి, స్వచ్ఛమైన గాలి, పుష్టికరమైన ఆహారం. నెలల తరబడి క్రమం తప్పక పడుకోవడం, తినడం, కఫాన్ని జాగ్రత్తగా పారవేయడం, ఇదే వైద్యం. నియమాన్ని పాటించడమే అక్కడ మందు. ఆ ఆవరణలో ప్రార్థన ఉంది, వైద్యమూ ఉంది. ఒకదాని కోసం మరొకదానిని ఎవరూ వదులుకోలేదు.

నిజామాబాద్ సమీపంలోని డిచ్‌పల్లిలో 1915లో వెలసిన కుష్ఠు ఆసుపత్రి కథ కూడా అటువంటిదే. స్కాట్లాండ్ నుంచి వచ్చిన మెథడిస్టు మిషనరీ వైద్యురాలు ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జి కెర్ దానిని నెలకొల్పారు. నర్సాగౌడ్ అనే హిందూ దాత దానికి చేయూతనిచ్చారు. నాటికి దొరికిన మందు చాల్‌మోగ్రా జాతి గింజల నూనె. దానిని సూదితో ఎక్కిస్తే నొప్పి, వాపు. అదీ ఒకటి రెండు మార్లు కాదు, దీర్ఘకాలం. ఏడు మునకలకు అలిగిన నయమాను ఆ సూదులకు ఏమనేవాడో! ఊరు వెలివేసిన రోగి ఆ బాధను ఓర్చుకొని మళ్లీ మళ్లీ చేయి చాపాడంటే, సూది వేసే చేతిలో ప్రేమ ఉందని నమ్మబట్టే కదా.

తరువాతి అధ్యాయం చెన్నైలో జరిగింది. అక్కడ 1956లో ఏర్పడిన క్షయ పరిశోధన కేంద్రం, ఇంటివద్ద మందు తీసుకున్న పేద రోగులను, శానిటోరియంలో ఉంచిన రోగులను పోల్చి చూసింది. ఇంటివద్ద చికిత్స కూడా సమానంగా పనిచేస్తుందని 1959లో లోకానికి చాటింది. అయితే ఇంట్లో ఉన్న రోగి కాస్త కోలుకోగానే మందు మరచిపోతాడన్న చిక్కు ఎదురైంది. ఒకరి కళ్లెదుట గోలీ మింగించే పద్ధతికి ఆ అనుభవమే బీజం వేసింది. మన దేశంలో 1997లో మొదలై 2006 నాటికి దేశమంతటా విస్తరించిన డాట్స్ చికిత్స వెనుక ఉన్నది ఈ జ్ఞానమే. మనిషికి తోడు కావాలి. నయమానుకు సేవకులు చేసింది అదే.

ప్రార్థనా, మందా?

ఈ ప్రశ్నే సరైనది కాదు. హిజ్కియా రాజు మరణకరమైన రోగంతో గోడవైపు తిరిగి కన్నీటితో ప్రార్థించాడు. దేవుడు ఆలకించి ఆయుష్షు పొడిగించాడు. అదే సమయంలో యెషయా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండుపై కట్టించాడు. ప్రార్థన ఫలించిందన్న వార్త వచ్చిన తరువాతనే మందు కట్టారన్నది గమనింపదగినది. పౌలు మహాద్భుతాలు చేసినవాడే. అయినా తిమోతి కడుపు జబ్బుకు నాటి వాడుకలో ఉన్న ఔషధాన్ని సూచించాడు. ఆ సూచనను మద్యపానానికి సాకుగా వాడుకోవడం తగదు. క్షయ మందులు వాడేవారు మద్యం తాగితే కాలేయానికి హాని కలుగుతుంది. పౌలు వెంట నడిచిన లూకా వృత్తిరీత్యా వైద్యుడే. ఆరోగ్యవంతులకు కాక రోగులకే వైద్యుడు కావాలని ప్రభువే ఒక సందర్భంలో అన్నాడు. తన రాకను వివరించడానికి ఆయన వైద్యుణ్ణి ఉపమానంగా ఎంచుకున్నాడంటే ఆ వృత్తిని గౌరవించినట్లే.

స్వస్థత పొందామని సాక్ష్యం చెప్పి మందు ఆపేసేవారు లూకా సువార్త పదిహేడవ అధ్యాయాన్ని నెమ్మదిగా చదవాలి. పదిమంది కుష్ఠరోగులను యేసు యాజకులకు కనబరచుకొమ్మని పంపాడు. నాటి ధర్మశాస్త్రం ప్రకారం వ్యాధి తగ్గిందో లేదో పరీక్షించి నిర్ణయించేవాడు యాజకుడు. స్వస్థపరచిన ప్రభువే పరీక్షకు వెళ్లమన్నప్పుడు, మనం పరీక్షకు వెనుకాడడం ఏ విశ్వాసం? నిజంగా స్వస్థత కలిగి ఉంటే కఫ పరీక్ష, రక్త పరీక్ష ఆ సంగతిని చెబుతాయి. అప్పుడు మందు తగ్గించమని వైద్యుడే చెబుతాడు. దేవుని కార్యం పరీక్షకు బెదరదు.

ఆలయ శిఖరం మీద సాతాను పన్నిన ఉచ్చును కూడా మరువరాదు. దూకు, దూతలు పట్టుకుంటారని అతడు అన్నాడు. వాగ్దానం ఉన్నమాట నిజమే. అయినా దేవుణ్ణి శోధింపరాదని యేసు దూకలేదు, మెట్లున్నచోట మెట్లు దిగడమే విధేయత. ఇన్సులిన్ అందుబాటులో ఉండగా దానిని పక్కనబెట్టి దేవుడు కాపాడతాడో లేదో చూద్దామనుకోవడం శిఖరం మీద నుంచి దూకడం వంటిది.

మత మనోవిజ్ఞానంలో పేరెన్నికగన్న కెనెత్ పార్గమెంట్, ఆయన సహచరులు 1988లో విశ్వాసులు కష్టాన్ని ఎదుర్కొనే తీరును మూడుగా వర్గీకరించారు. అంతా నా చేతిలోనే ఉందనుకొనేవారు కొందరు. అంతా దేవునికి వదిలి చేతులు కట్టుకొనేవారు మరికొందరు. దేవునితో కలిసి పనిచేసేవారు ఇంకొందరు. లేఖనాలు మెచ్చుకొనేది మూడవవారినే. ఎర్రసముద్రాన్ని పాయలు చేసింది దేవుడు, దాని నడుమ నడిచింది మాత్రం ప్రజలు.

రోగిపై రాళ్లు వేయకండి

మందు మానినవానిని అవిధేయుడని గద్దించడం సులభం. అతని బరువు ఏమిటో అడగడం కష్టం. క్షయ అని తెలిస్తే కూతురి సంబంధం తప్పిపోతుందని భయపడే తల్లి ఉంది. నైట్ షిఫ్టు దిగి వచ్చి, ఉదయం గోలీ ఎప్పుడు వేసుకోవాలో తెలియక తికమకపడే కార్మికుడు ఉన్నాడు. మందుతో వికారం పుట్టి, ఆ సంగతి డాక్టరుకు చెబితే కసురుతాడేమోనని మౌనంగా మానేసినవాడు ఉన్నాడు.

బొగ్గుబెల్టుకే ప్రత్యేకమైన చిక్కు మరొకటి. సింగరేణిలో వైద్యపరంగా పనికి అనర్హుడని తేలిన కార్మికుని వారసునికి ఉద్యోగమిచ్చే ఏర్పాటు ఉంది. ఉద్యోగం లేని కొడుకు ఇంట్లో ఉన్న తండ్రికి, తన జబ్బు తగ్గడం లాభమా నష్టమా అన్న ప్రశ్న ఏ అర్ధరాత్రో తొంగిచూస్తే ఆశ్చర్యపడనక్కరలేదు. ఆ ఆలోచన పుట్టింది దుర్మార్గంలో కాదు, బిడ్డపై ప్రేమలో. అయితే దేహం దేవుని ఆలయమని బోధించిన పౌలు మాట ఆ తండ్రికీ వర్తిస్తుంది. పక్షవాతంతో మంచాన పడిన తండ్రిని మోస్తూ దొరికిన ఉద్యోగం ఏ కొడుకుకూ పండుగ కాదు. అనర్హతను నిర్ణయించవలసింది వైద్య మండలి. దానిని మందు మాని మనమే తెచ్చిపెట్టుకోరాదు. ఈ మాట చెప్పేవాడు తీర్పరిలా కాక, నయమాను సేవకునిలా చెప్పాలి.

వైద్యులకూ ఇందులో పాలు ఉంది. ఎలీషా కబురు మాత్రమే పంపాడు, నయమాను అలిగాడు. సలహా ఎంత మంచిదైనా వివరించేవారు లేకపోతే మనసుకు ఎక్కదు. పైన చెప్పిన 2003 నివేదిక కూడా రోగి ఆజ్ఞకు తలవంచడం గురించి కాక, వైద్యునితో ఏకీభవించి నడవడం గురించి మాట్లాడింది. మన బైబిలు భాషలో దానికి చక్కని పదం ఉంది: నిబంధన. రెండు పక్షాలూ మాట ఇచ్చిపుచ్చుకుంటేనే నిబంధన నిలుస్తుంది.

సంఘం చేయగలిగినవి

స్వస్థత కోసం ప్రార్థించే ప్రతి కాపరీ ఆమెన్ తరువాత ఒక్క వాక్యం చేర్చితే ఎన్నో ప్రాణాలు నిలుస్తాయి: డాక్టరు చెప్పేవరకు మందు ఆపకండి. వేదికపై సాక్ష్యం చెప్పేవారు మందు మానిన సంగతిని ఘనతగా చెప్పకుండా చూడాలి. ఆరు నెలలు క్రమం తప్పక గోలీలు మింగి క్షయను జయించినవాని సాక్ష్యం కూడా వేదిక ఎక్కాలి. అతని ఓర్పు దేవుని కృప కాదా?

ఉపవాస ప్రార్థనల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. షుగర్ మందులు, ముఖ్యంగా ఇన్సులిన్ తీసుకొని భోజనం మానితే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. ఉపవాసం చేయదలచినవారు ముందుగా వైద్యుణ్ణి అడగాలి. వద్దంటే మరొక రూపంలో తగ్గించుకొనవచ్చు. మాటలో ఉపవాసం, కోపంలో ఉపవాసం ఏ షుగర్ రోగికీ హాని చేయవు.

మరపు గురించి పీటర్ గోల్‌విట్జర్ అనే మనోవిజ్ఞాని 1999లో చెప్పిన ఉపాయం సామాన్యమైనది, ఫలవంతమైనది. క్రమంగా వేసుకుంటాను అని తీర్మానించుకుంటే చాలదు. ఫలానా పని కాగానే, ఫలానా చోట వేసుకుంటాను అని నిర్ణయించుకోవాలి. టిఫిన్ డబ్బా సర్దగానే గోలీ, సాయంకాల కుటుంబ ప్రార్థన ముగియగానే గోలీ అని ముడివేస్తే మనసు మరవదు. షిఫ్టు మారినప్పుడు వేళ ఎలా మార్చాలో మాత్రం డాక్టరునే అడగాలి. మందు పడకపోతే మానడం కాక, వెళ్లి చెప్పడం అలవాటు కావాలి. క్షయరోగికి పౌష్టికాహారం కోసం ప్రభుత్వం 2018 నుంచి నెలకు 500 రూపాయలు ఇచ్చింది, 2024 నవంబరు నుంచి దానిని 1,000 రూపాయలకు పెంచింది. అది అందుతున్నదో లేదో విచారించడం కూడా సంఘ పరిచర్యే.

మంచి సమరయుడు గాయపడినవానికి నూనె, ద్రాక్షారసం పోసి కట్టు కట్టి ఊరుకోలేదు. పూటకూళ్లవానికి డబ్బిచ్చి, తిరిగి వచ్చేటప్పుడు మళ్లీ చూస్తానన్నాడు. ఆ తిరిగి వచ్చి చూడడమే మన సంఘాలలో కొరవడుతున్నది.

బాగుకాని జబ్బులున్నప్పుడు

చివరిగా ఒక కఠినమైన సత్యం. అన్నీ పాటించినా నయం కాని జబ్బులు ఉన్నాయి. ఊపిరితిత్తులలో చేరిన రాతిదుమ్మును తొలగించే మందు లేదు. సిలికోసిస్ ఉన్నవాడు మందులు వాడినా ఆయాసపడవచ్చు. అప్పుడు నీ విశ్వాసం చాలలేదని అతనితో అనడం క్రూరత్వం. పౌలు తన శరీరంలోని ముల్లు తొలగాలని మూడుమార్లు వేడుకున్నా అది తొలగలేదు, దానికి బదులు కృప దొరికింది. అటువంటి రోగికి వైద్యుని సలహా ఊపిరి కొంత తేలిక చేస్తుంది, క్షయ వంటివి తోడుకాకుండా కాపాడుతుంది. సంఘం తోడు మనసును తేలిక చేస్తుంది. రెండూ దేవుని చేతులే.

యొర్దాను నీటిలో ఏ మహిమా లేదని నయమానుకు తెలుసు. మహిమ నీటిది కాదు, చెప్పిన మాటను చివరి మునకదాకా నమ్మి నిలిచిన మనసుకు దేవుడిచ్చిన బహుమానం అది. ఈ వారం మందు డబ్బా తెరిచేటప్పుడు దేవునికి కృతజ్ఞత చెప్పి గోలీ మింగండి. అదీ ప్రార్థనే.